‘నేను పాపం చేశాను’ అన్న మాట వెనక ఏముంది?

“నేను పాపం చేశాను” అని బైబిల్లో చాలామంది అన్నారు. వడగండ్ల వానకు దేశం పాడవుతుంటే ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో అన్నాడు. దోచి దాచిన సొమ్ము బయటపడే వేళకు ఆకాను అన్నాడు. దేవదూత కత్తి దూసి దారికి అడ్డం నిలబడితే బిలాము అన్నాడు. సౌలు రాజు అన్నాడు, అతని తర్వాత రాజైన దావీదూ అన్నాడు. యేసును అప్పగించి తీసుకున్న ముప్పై వెండి నాణేలు వెనక్కి తీసుకెళ్ళి యాజకుల ముందు ఇస్కరియోతు యూదా అన్నాడు. యేసు చెప్పిన ఉపమానంలో తప్పిపోయిన కుమారుడు కూడా ఇదే మాట అన్నాడు.

అందరి నోటా వచ్చింది దాదాపు ఒకే మాట. అయితే వడగండ్లు ఆగగానే ఫరో మనసు మళ్ళీ బండబారింది. సౌలు రాజ్యం పోగొట్టుకున్నాడు. యూదా ఉరి వేసుకున్నాడు. దావీదుకు క్షమాపణ దొరికింది, ఉపమానంలోని ఆ కుమారుడు ఇంటికి చేరాడు. మాట ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? పశ్చాత్తాపం గురించి విశ్వాసుల్ని తికమక పెట్టే ప్రశ్నల్లో చాలావరకు ఇక్కడికే వచ్చి చేరతాయి. ఏడిస్తే చాలా? ఏడుపు రాకపోతే నాది నిజమైన పశ్చాత్తాపం కాదా? అదే పాపం మళ్ళీ మళ్ళీ చేస్తుంటే నా ఒప్పుకోలుకు విలువ ఉందా? దేవుడితో చెప్పుకుంటే సరిపోతుందా, మనిషి దగ్గరికి కూడా వెళ్ళాలా?

నాకు అర్థమైనంతవరకు తేడా అంతా ఒక్కచోట ఉంది. తప్పు ఒప్పుకునే ఆ క్షణంలో మనిషి దేన్ని కాపాడుకోవాలని చూస్తున్నాడు? తన పేరునా, తను గాయపరిచిన బంధాన్నా? పేరు కాపాడుకునే ప్రయత్నం ఆగిన చోటే పశ్చాత్తాపం మొదలవుతుంది. ఆ ప్రయత్నాన్ని ఆపగలిగే గుణాన్నే బైబిలు దీనత్వం అంటుంది. అందుకే ఈ రెండింటినీ విడదీసి మాట్లాడడం కష్టం.

ఇద్దరు రాజులు, రెండు ఒప్పుకోళ్ళు

మొదటి సమూయేలు 15వ అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి. అమాలేకీయుల మీద యుద్ధంలో దేనినీ మిగల్చవద్దని సౌలుకు ఆజ్ఞ. ఆ ఆజ్ఞ ఈనాటి పాఠకుణ్ణి ఇబ్బంది పెట్టే మాట నిజమే, దాని మీద వేరే పెద్ద చర్చ ఉంది. ఇక్కడ మనకు కావలసింది యుద్ధం ముగిశాక సౌలుకీ ప్రవక్త సమూయేలుకీ నడిచిన సంభాషణ. సౌలు వాళ్ళ రాజు అగగును ప్రాణాలతో పట్టుకున్నాడు, గొర్రెల్లో ఎడ్లలో మంచివాటిని ఉంచేసుకున్నాడు. సమూయేలు వచ్చేలోపు కర్మెలుకు వెళ్ళి తనకోసం ఒక జ్ఞాపక స్తంభం కూడా నిలబెట్టుకున్నాడు. చాలామంది గమనించకుండా దాటిపోయే వివరం ఇది, కానీ మిగతా కథంతా అర్థం కావడానికి ఇదే ఆధారం.

ప్రవక్త ఎదురుపడగానే సౌలు మొదటి మాట: యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను. అయితే నాకు వినిపిస్తున్న ఈ గొర్రెల అరుపులేమిటి అని సమూయేలు అడిగాడు. వెంటనే సౌలు మాటల్లోకి జనం వచ్చేశారు. జనమే మంచివాటిని ఉంచారు, అదీ నీ దేవుడైన యెహోవాకు బలి ఇవ్వడానికి, మిగతావాటిని మాత్రం మేము నాశనం చేశాం అన్నాడు. ఉంచుకున్నది ‘వాళ్ళు’, ఆజ్ఞ పాటించింది ‘మేము’. సమూయేలు గట్టిగా నిలదీస్తే, నేను మాట విన్నానే అని మళ్ళీ మొదటికొచ్చాడు. రాజ్యం పోయిందన్న తీర్పు వినబడ్డాక గానీ “పాపం చేశాను” అన్న మాట రాలేదు. వచ్చినా దాని వెంటే కారణం కూడా వచ్చింది: జనానికి భయపడ్డాను. రెండోసారి అదే మాట అన్నప్పుడు అసలు కోరిక బయటపడింది. పాపం చేశాను, అయినా నా జనం పెద్దల ముందు, ఇశ్రాయేలీయుల ముందు నన్ను గౌరవించు, నాతో కలిసి రా.

సౌలు బాధ నటన అని నేను అనను. సమూయేలు వెళ్ళిపోతుంటే అతను వస్త్రపు చెంగు పట్టుకుని లాగితే అది చిరిగింది. అంత ఆరాటపడ్డాడు. కానీ ఆ ఆరాటమంతా జనం ముందు తన పరువు ఏమవుతుందన్న దాని చుట్టూనే తిరిగింది.

ఇప్పుడు రెండో సమూయేలు 11, 12 అధ్యాయాలు. దావీదు చేసింది సౌలు చేసినదానికంటే చిన్నదేమీ కాదు. తనకోసం ప్రాణం పెట్టి పోరాడుతున్న ఊరియా భార్య బత్షెబను తెప్పించుకున్నాడు. ఆమె గర్భవతి అయిందని తెలిశాక ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టి చంపించమని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. తర్వాత బిడ్డ పుట్టేదాకా నెలల తరబడి నోరు మెదపలేదు. ప్రవక్త నాతాను వచ్చి, ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ చెబితే దావీదు మండిపడ్డాడు. అలాంటివాడు చావాలి, నాలుగింతలు తిరిగి కట్టాలి అన్నాడు. “ఆ మనుష్యుడవు నీవే” అన్నాడు నాతాను.

రాజు దగ్గర సాకులకు కొదవ లేదు. నాతానును అక్కడికక్కడే చంపించే అధికారమూ ఉంది. కానీ దావీదు చెప్పింది ఒకే ఒక్క వాక్యం: నేను యెహోవాకు విరోధంగా పాపం చేశాను. కారణం చెప్పలేదు. ఎవరి పేరూ ఎత్తలేదు. గౌరవం దక్కించమని అడగలేదు.

ఈ సంఘటనతో ముడిపడిన 51వ కీర్తన పైనున్న శీర్షిక చూడండి. ప్రధాన గాయకుడికి అప్పగించిన పాట అది. అంటే ఆరాధనలో జనం పాడుకోవడానికి ఇచ్చినది. దావీదు బత్షెబ దగ్గరికి వెళ్ళిన తర్వాత నాతాను వచ్చినప్పటిది అని ఆ శీర్షికలోనే రాసి ఉంది. సౌలు తన గెలుపుకు గుర్తుగా స్తంభం నిలబెట్టుకుంటే, దావీదు పేరున తన పతనానికి గుర్తుగా ఒక పాట మిగిలింది. అతను ఏలిన జనమే తరతరాలుగా దాన్ని పాడుతూ వచ్చారు.

ఆ కీర్తనలో ఒక మాట దగ్గర నిజాయితీగా చదివే ఎవరైనా ఆగుతారు. “నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను” అంటాడు దావీదు. మరి ఊరియా సంగతి? బత్షెబ సంగతి? ఆ యుద్ధంలో ఊరియాతో పాటు చనిపోయిన సైనికుల సంగతి? వాళ్ళను మరిచిపోయి దేవుడితో మాత్రం లెక్క సరిచేసుకుంటున్నాడా? నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను. రాజును నిలదీసే న్యాయస్థానం ఆ దేశంలో లేదు, చనిపోయిన ఊరియా వచ్చి అడగలేడు. కాబట్టి తప్పించుకోవడానికి అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. అలాంటి స్థితిలో “నీ ముందు నేను దోషిని, నువ్విచ్చే తీర్పు న్యాయం” అని దావీదు తనంతట తానే బోను ఎక్కాడు. మనుషులకు చేసిన అన్యాయాన్ని ఆ మాట తుడిచెయ్యదు. ఆ అన్యాయం దేవుడి దాకా చేరిందని ఒప్పుకుంటుంది. ఇదే మాటను అడ్డం పెట్టుకుని “నేను దేవుడితో సరిచేసుకున్నాను, నీకు చెప్పాల్సిన పని లేదు” అని ఎవరైనా అంటే, కీర్తనను తలకిందులుగా చదివినట్టే.

క్షమాపణ దొరికిందని ఫలితాలు ఆగలేదన్నది కూడా గమనించాలి. యెహోవా నీ పాపాన్ని పరిహరించాడు, నువ్వు చావవు అని చెప్పిన నాతానే, కత్తి నీ ఇంటిని విడిచిపోదని అప్పటికే చెప్పాడు. తర్వాతి అధ్యాయాల్లో దావీదు కుటుంబం ముక్కలవుతుంది. క్షమించబడితే అంతా మునుపటిలా అయిపోవాలని ఆశించేవాళ్ళకు ఇది మింగుడుపడదు. శిక్ష తగ్గించుకునే బేరంగా మొదలైన పశ్చాత్తాపం, శిక్ష తగ్గలేదని తెలిసిన రోజే ఆవిరైపోతుంది.

కన్నీళ్ళను ఎంతవరకు నమ్మాలి

పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 7వ అధ్యాయంలో దుఃఖాన్ని రెండుగా విడదీస్తాడు. దేవుని చిత్తానికి తగిన దుఃఖం మారుమనస్సును పుట్టించి రక్షణకు నడిపిస్తుంది. లోకసంబంధమైన దుఃఖం మరణానికి తీసుకెళుతుంది. రెండూ దుఃఖమే కాబట్టి పైనుంచి చూస్తే తేడా తెలియదు. పౌలు ఆ తర్వాతి వచనంలో చూపించే గుర్తుల్లో కన్నీళ్ళ ప్రస్తావన లేదు. జాగ్రత్త, దోషం పోగొట్టుకోవాలన్న తపన, చేసినదాని మీద ఆగ్రహం, భయం, ఆత్రం, ఆసక్తి, న్యాయం జరగాలన్న పట్టుదల. అన్నీ ఏదో ఒకటి చేయడానికి మనిషిని లేపి నిలబెట్టేవే.

కన్నీళ్ళు ఎక్కడికీ తీసుకెళ్ళని సందర్భాలు బైబిల్లో ఉన్నాయి. ఏశావు కన్నీళ్ళు విడుస్తూ వెతికినా ఫలితం మారలేదని హెబ్రీ పత్రిక చెబుతుంది. అతను ఏడ్చింది పోయిన ఆశీర్వాదం కోసం. ఒక్క పూట భోజనానికి జ్యేష్ఠత్వాన్ని అమ్మేసిన తన మనసు గురించి ఏడ్చినట్టు ఆదికాండంలో ఎక్కడా కనిపించదు. మరోవైపు యేసు ఎవరో తెలియదన్న శిష్యుడు పేతురు కూడా వెక్కి వెక్కి ఏడ్చాడు, ఆ ఏడుపు అతన్ని మార్చింది. కాబట్టి కన్నీళ్ళను బట్టి ఎటూ తేల్చలేం. స్వభావాన్ని బట్టి కొందరికి చప్పున కళ్ళు చెమరుస్తాయి, కొందరికి రావు. ప్రార్థనలో ఏడుపు రాలేదని టెన్షన్ పడి, బలవంతంగా తెచ్చుకోవాలని చూసేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒకటే: దానికోసం కష్టపడకండి. బట్టలు కాదు, హృదయాలు చింపుకోండని యోవేలు ప్రవక్త చెప్పింది, శోకానికి పైపై గుర్తులే చాలనుకునే జనానికి.

పేతురు, యూదా ఇద్దరూ ఒకే రాత్రి గురువుకు ద్రోహం చేశారు. నిజానికి పైకి కనిపించే పనుల్లో యూదా పశ్చాత్తాపమే పెద్దది. తప్పు నోటితో ఒప్పుకున్నాడు, ఏం తప్పో స్పష్టంగా చెప్పాడు, తీసుకున్న డబ్బు వెనక్కి ఇచ్చేశాడు. పేతురు బయటికి వెళ్ళి ఏడ్చాడు, అంతే. అయితే యూదా తన భారాన్ని తీసుకుని వెళ్ళింది యాజకుల దగ్గరికి. అది మాకేం సంబంధం, నువ్వే చూసుకో అన్నారు వాళ్ళు. ఆ తర్వాత తన తీర్పు తనే ఇచ్చుకున్నాడు. పేతురు మిగతా శిష్యుల మధ్యే ఉండిపోయాడు, అంత సిగ్గుతోనూ. మూడుసార్లు ఆయనెవరో నాకు తెలియదన్నవాడిని యేసు సముద్రపు ఒడ్డున మూడుసార్లు “నన్ను ప్రేమిస్తున్నావా” అని అడిగాడు. మూడోసారి పేతురుకు మనసు నొచ్చుకుంది కూడా. అయినా అక్కడి నుంచి లేచి వెళ్ళిపోలేదు.

తనను తాను ద్వేషించుకోవడం దీనత్వంలా కనిపిస్తుంది గానీ, చాలాసార్లు అది అహంకారానికి మరో ముఖం. “నేను చేసినదానికి క్షమాపణ ఉండదు” అనే మనిషి, తన తీర్పును దేవుడి తీర్పుకంటే పైన పెడుతున్నాడు. బాధలో నలిగిపోతున్న మనిషి ముఖం మీద ఈ మాట కఠినంగా చెప్పకూడదని నాకు తెలుసు. నిరాశ తీవ్రంగా ఉన్నవాళ్ళకు ముందు పక్కన కూర్చునే మనిషి కావాలి, అవసరమైతే డాక్టర్ సహాయం కూడా కావాలి. కానీ విషయం మాత్రం అదే. తనను తాను ఎంత తిట్టుకుంటున్నా ఆ మనిషి చూపు ఇంకా తన మీదే ఉంది.

ముందు ఏది: మారడమా, క్షమాపణా?

మారితే దేవుడు క్షమిస్తాడా, క్షమిస్తాడు కాబట్టి మారగలుగుతున్నామా? క్రైస్తవ చరిత్రలో అతి పెద్ద గొడవల్లో కొన్ని ఈ ప్రశ్న చుట్టూ జరిగాయి. లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు పందులు మేపేచోట కూర్చుని తండ్రికి చెప్పాల్సిన మాటలు సిద్ధం చేసుకుంటాడు. అందులో మూడు ముక్కలున్నాయి. పరలోకానికీ నీకూ విరోధంగా పాపం చేశాను. నీ కొడుకుననిపించుకోవడానికి తగను. నన్ను నీ కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో. ఇంటికి చేరాక మొదటి రెండూ చెబుతాడు. మూడోది రాదు. ఈలోపే తండ్రి మంచి బట్టలు తెమ్మని పనివాళ్ళకు పురమాయించేస్తాడు. కూలివాడిగా పనిచేసి లెక్క తీర్చుకునే బేరానికి అక్కడ చోటే లేకపోయింది. అసలు కొడుకు నోరు తెరవకముందే, ఇంకా దూరంగా ఉండగానే చూసి పరుగెత్తుకుంటూ వెళ్ళింది తండ్రే.

సుంకం వసూలు చేసే జక్కయ్య సంగతిలోనూ వరస ఇదే. యెరికోలో యేసు ముందే చెప్పాడు, ఈ రోజు నీ ఇంట్లో ఉండాలి అని. సగం ఆస్తి పేదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాననీ జక్కయ్య ప్రకటించింది ఆ తర్వాత. ఇందులో అంకెలు చూడాలి. తనంతట తాను ఒప్పుకున్నవాడు అసలు సొమ్ముకు ఐదో వంతు కలిపి కడితే చాలని సంఖ్యాకాండం 5వ అధ్యాయం చెబుతుంది. 100 తీసుకుంటే 120 ఇవ్వాలి. జక్కయ్య 400 ఇస్తానన్నాడు. గొర్రెను దొంగిలించి కోసేసినవాడికో అమ్మేసినవాడికో నిర్గమకాండం 22వ అధ్యాయం వేసిన శిక్ష స్థాయి అది. సుంకం వసూలు పేరుతో చేసినదాన్ని దొంగతనంగానే లెక్కగట్టుకుని, తన మీద తనే ఆ శిక్ష వేసుకున్నాడు. క్షమాపణ కొనుక్కోవడానికి కట్టిన ధర అయితే ఇంత ధారాళంగా రాదు. అప్పటికే దక్కింది కాబట్టి చెయ్యి అంత తేలిగ్గా తెరుచుకుంది.

1517 అక్టోబర్ 31న మార్టిన్ లూథర్ ముందుకు తెచ్చిన 95 వాదాల్లో మొదటిది పశ్చాత్తాపం గురించే. “మారుమనస్సు పొందుడి” అని యేసు అన్నప్పుడు విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని ఆయన ఉద్దేశం, అన్నది దాని సారాంశం. పాపాలకు పడే శిక్షను తగ్గించే పత్రాలు డబ్బుకు అమ్ముడవుతున్న రోజులవి. పశ్చాత్తాపం ఒకసారి చెల్లించి రసీదు తీసుకునే వ్యవహారంలా మారిపోయిందని లూథర్ బాధ. ఎవరు ఏ సంఘానికి చెందినవారైనా ఆ మొదటి వాదాన్ని కాదనడం కష్టం.

సంఘం ముందు, గురువు ముందు, దేవుడి ముందు

ఒప్పుకోలు ఎవరి ముందు అన్న విషయంలో సంఘాల మధ్య తేడాలున్నాయి. తొలి శతాబ్దాల్లో పెద్ద పాపాలకు బహిరంగ పశ్చాత్తాపం ఉండేది. 250లో రోమా చక్రవర్తి డేసియస్ అందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞాపించినప్పుడు చాలామంది క్రైస్తవులు ప్రాణభయంతో లొంగిపోయారు. హింస తగ్గాక వాళ్ళు తిరిగి రావాలనుకుంటే సంఘం రెండుగా చీలింది. వాళ్ళను చేర్చుకునే అధికారం సంఘానికి లేదని రోములో నొవేషియన్ పక్షం పట్టుబట్టింది. సరైన పశ్చాత్తాపం తర్వాత చేర్చుకోవాలని కార్తేజ్ బిషప్ సిప్రియన్ వాదించాడు, పెద్ద సంఘం ఆయన వైపే నిలిచింది. తలుపు మూసేయలేదు, అలాగని ఏమీ జరగనట్టు తెరిచీ పెట్టలేదు.

390లో జరిగినది ఇంకా ఆలోచింపజేస్తుంది. థెస్సలొనీక నగరంలో అల్లర్లలో తన సేనాధికారిని చంపారన్న కోపంతో థియోడోసియస్ చక్రవర్తి పంపిన ఆజ్ఞ వల్ల వేలమంది ఊచకోతకు గురయ్యారు. మిలాన్ బిషప్ అంబ్రోస్ ఆయనకు ఉత్తరం రాశాడు. పశ్చాత్తాపపడేదాకా మీరున్న చోట నేను బలి (ప్రభు భోజన ఆరాధన) అర్పించలేనని చెప్పాడు. దావీదునే ఉదాహరణగా చూపించాడు. రాజూ ప్రవక్తా అయిన దావీదు తప్పు ఒప్పుకున్నట్టు ఒప్పుకోవడానికి మీరు సిగ్గుపడతారా అని అడిగాడు. చక్రవర్తి రాజచిహ్నాలు తీసేసి ఆలయంలో అందరి ముందు కన్నీళ్ళతో క్షమాపణ వేడుకున్నాడు. చనిపోయినవాళ్ళు తిరిగి రాలేదు. కానీ పెద్ద అధికారం ఉన్న మనిషి తప్పు ఆ అధికారం చాటునే దాగి ఉండడానికి వీల్లేదని, కనీసం ఆ ఒక్కసారి, అందరూ చూశారు.

తర్వాతి కాలంలో గురువు (సంఘంలోని యాజకుడు) ముందు వ్యక్తిగతంగా ఒప్పుకోవడం పాతుకుపోయింది. కనీసం సంవత్సరానికొకసారి అలా చేయాలని 1215లో నాలుగో లాటరన్ సభ నియమం పెట్టింది. కతోలికులకు, ఆర్థడాక్సు సంఘాలకు ఈనాటికీ అది సంస్కారం, అంటే సంఘం పవిత్రంగా ఎంచే కర్మ. ప్రొటెస్టెంట్లు దేవుడి ముందు నేరుగా ఒప్పుకోవడం మీద నిలబడతారు. ప్రతి పద్ధతికీ ఒక ప్రమాదం ఉంది. గురువు ముందు చెప్పేది అలవాటుగా మారిపోవచ్చు. దేవుడితో మాత్రమే చెప్పుకునేవాళ్ళు ఎవరికీ ఏమీ చెప్పకుండానే జీవితమంతా గడిపేయవచ్చు. “మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి” అన్న యాకోబు పత్రికలోని మాట రెండు పక్షాల బైబిల్లోనూ ఉంది. నమ్మకస్థుడైన ఒక్క మనిషి ముందైనా నోరు విప్పడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. మనలో మనం చెప్పుకునేటప్పుడు తప్పుకు పై పూత వేయడం సులువు. ఇంకో మనిషి కళ్ళలోకి చూస్తూ చెప్పేటప్పుడు ఆ పూత నిలవదు.

దీనత్వం పేరుతో జరిగే పొరపాట్లు

ధర్మశాస్త్రాన్ని గట్టిగా పాటించే పరిసయ్యుడు, పన్ను వసూలు చేసే సుంకరి దేవాలయానికి వెళ్ళిన ఉపమానం అందరికీ తెలిసిందే. అందులో పరిసయ్యుడు అబద్ధం చెప్పడు. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటాడు, సంపాదనలో పదోవంతు ఇస్తాడు. మోషే ధర్మశాస్త్రం ఉపవాసానికి నిర్ణయించింది ప్రాయశ్చిత్త దినం ఒక్కటే, అంటే ఇతను అడిగినదానికంటే చాలా ఎక్కువే చేస్తున్నాడు. చిక్కంతా పక్కవాణ్ణి చూడకుండా తన గురించి చెప్పుకోలేకపోవడంలో ఉంది. సుంకరి ప్రార్థనలో పోలికే లేదు. “దేవా, పాపినైన నన్ను కరుణించుము.” పరిసయ్యుడు నాకంటే గొప్పవాడనీ అనలేదు, వాడికంటే నేను నయమనీ అనలేదు. పక్కన ఎవరున్నారన్నది అతనికి అక్కరే లేకపోయింది. ఈ కథ చదివి “హమ్మయ్య, నేను ఆ పరిసయ్యుడిలాంటివాణ్ణి కాదు” అనుకున్న క్షణంలో మనం ఎవరి ప్రార్థన చేశామో ఆలోచించుకోవాలి.

దీనత్వాన్ని ప్రదర్శనగా మార్చుకోవచ్చని కొలొస్సయి పత్రిక 2వ అధ్యాయం ముందే హెచ్చరించింది. పైకి అతి వినయం, లోపల తన అనుభవాల గురించి ఉబ్బిపోవడం. “నేనెంత, నాదేముంది” అంటూనే ఎదుటివాళ్ళు కాదనాలని ఎదురుచూడడం ఇలాంటిదే. పౌలు దగ్గర వేరే తీరు కనిపిస్తుంది. అపొస్తలుల్లో తక్కువవాణ్ణని ఒకచోట, పరిశుద్ధులందరిలో అత్యల్పుణ్ణని ఇంకోచోట, పాపుల్లో ప్రధానుణ్ణని మరోచోట రాశాడు. అదే మనిషి “వారందరికంటె నేనెక్కువగా ప్రయాసపడితిని” అని కూడా రాశాడు, వెంటనే అది నేను కాదు, దేవుని కృప అన్నాడు. చేసిన పనిని చేయలేదనడం దీనత్వం కాదని తెలుస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి, అది ఎవరి వల్ల జరిగిందో కూడా చెప్పడంతో అతనికి పనైపోయింది.

ఇంకో పొరపాటు వల్ల నిజంగా మనుషులు దెబ్బతింటున్నారు. దీనత్వం పేరు చెప్పి బలహీనుల నోరు మూయించడం. భర్త కొడుతున్నాడని చెప్పుకున్న భార్యను, నాయకుడు అన్యాయం చేశాడని వచ్చిన విశ్వాసిని “నువ్వే తగ్గించుకో, క్షమించు, బయట చెప్పకు” అని పంపేయడం. దీన్ని సమర్థించే మాట నాకు లేఖనంలో కనిపించదు. ప్రధాన యాజకుడి ముందు బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు యేసు మౌనంగా ఊరుకోలేదు. నేను కానిమాట అంటే అదేమిటో చెప్పు, మంచిమాట అంటే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు. తిరిగి కొట్టలేదు, అన్యాయాన్ని అన్యాయమనకుండానూ ఉండలేదు. బాప్తిస్మమిచ్చు యోహాను మారుమనస్సుకు తగిన ఫలాలు అడిగినప్పుడు సుంకరులకు, సైనికులకు చెప్పింది వాళ్ళ అధికారం గురించే. నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దు, ఎవరినీ బెదిరించి డబ్బు గుంజొద్దు అని. తగ్గాల్సినది ముందు బలం ఉన్న చెయ్యి.

మళ్ళీ పడిపోయినప్పుడు

అదే పాపం పదేపదే చేసి, పదేపదే ఒప్పుకునే మనిషికి ఒక దశలో తన ప్రార్థన మీద తనకే నమ్మకం పోతుంది. నీ సహోదరుడు రోజుకు ఏడుసార్లు తప్పు చేసి ఏడుసార్లూ వచ్చి మారుమనస్సు పొందానంటే క్షమించమని యేసు శిష్యులకు చెప్పాడు. మనుషుల్నే అంతగా క్షమించమన్నవాడు తను అంతకంటే తక్కువ క్షమిస్తాడని అనుకోలేం. మన పాపాలను ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు గనుక క్షమిస్తాడని యోహాను మొదటి పత్రికలో రాసి ఉన్నది కూడా కొత్తగా వచ్చేవాళ్ళ కోసం కాదు, అప్పటికే సంఘంలో ఉన్నవాళ్ళ కోసం. అయితే ఒప్పుకున్నాక పరిస్థితులను మునుపటిలాగే ఉంచుకుంటే మాత్రం మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తాగుడు మానాలని ప్రార్థించి సీసా ఇంట్లోనే ఎందుకుంది? రాత్రిళ్ళు ఫోన్లో చూడకూడనివి చూస్తున్నానని ఏడ్చి, ఫోన్ పక్కలోనే ఎందుకు పెట్టుకుంటున్నాను? కుడికన్ను అభ్యంతరపెడితే పీకి పారేయమన్నంత తీవ్రమైన మాట యేసు వాడింది, దారిని మూసేయడం పశ్చాత్తాపంలో భాగమని చెప్పడానికే.

మనిషి దగ్గరికి వెళ్ళి ఒప్పుకునేటప్పుడు మాటల్లో జాగ్రత్త కావాలి. “నా వల్ల ఎవరి మనసైనా నొచ్చి ఉంటే క్షమించండి” అన్నది ఒప్పుకోలు కాదు. ఏం చేశారో అందులో లేదు, చేశారన్న ఒప్పుదలా లేదు. “మొన్న అందరి ముందు నీ గురించి చెప్పింది అబద్ధం. అది అబద్ధమని తెలిసే చెప్పాను. అక్కడున్నవాళ్ళతో రేపు నేనే చెబుతాను” అంటే ఎదుటి మనిషికి నిలబడడానికి నేల దొరుకుతుంది. అంతా విన్నాక కూడా వాళ్ళు వెంటనే క్షమించకపోవచ్చు. అది వాళ్ళ ఇష్టం, మన ఒప్పుకోలుకు బదులుగా వాళ్ళ క్షమాపణను వసూలు చేసుకునే హక్కు మనకు లేదు. క్షమించినా మళ్ళీ నమ్మడానికి సమయం పడుతుంది.

ఆదికాండంలో యోసేపు అన్నల కథ దీన్ని ఓపికగా చూపిస్తుంది. ఇరవై వెండి నాణేలకు అమ్ముడుపోయిన యోసేపును అమ్మేద్దామని సలహా ఇచ్చింది అన్న యూదా (యేసును అప్పగించిన యూదా వేరు). ఏళ్ళ తర్వాత ఐగుప్తులో యోసేపు తనెవరో చెప్పకుండా, తమ్ముడు బెన్యామీను సంచిలో వెండి గిన్నె పెట్టించి అతన్ని బానిసగా ఉంచుకుంటానన్నాడు. పరిస్థితి అచ్చం పాతదే. తండ్రికి ముద్దుబిడ్డ అయిన తమ్ముణ్ణి వదిలేసి అన్నలు ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఈసారి యూదా ముందుకొచ్చి, ఈ చిన్నవాడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండి అన్నాడు. ఆ మాట విన్నాకే యోసేపు తనను తాను ఆపుకోలేక, పెద్దగా ఏడ్చి, నేను యోసేపును అని చెప్పాడు.

కథ అక్కడితో అయిపోలేదు. కుటుంబమంతా ఐగుప్తుకు వచ్చి, తండ్రి యాకోబు అక్కడ 17 సంవత్సరాలు బతికి చనిపోయాక, అన్నలకు మళ్ళీ భయం పట్టుకుంది. నాన్న ఉన్నాడని ఊరుకున్నాడేమో, ఇప్పుడు పగ తీర్చుకుంటాడేమో అనుకుని, మమ్మల్ని క్షమించమని తండ్రి చెప్పాడంటూ కబురు పంపారు. పదిహేడేళ్ళు అతని చేతి అన్నం తిన్నా క్షమించాడన్న మాట వాళ్ళ లోపలికి దిగలేదు. కబురు విని యోసేపు ఏడ్చాడు. వాళ్ళు వచ్చి సాగిలపడి, నీకు దాసులుగా ఉంటాం అన్నారు. తప్పిపోయిన కుమారుడు సిద్ధం చేసుకున్న మూడో ముక్కే ఇది. యోసేపు దాన్ని ఒప్పుకోలేదు. భయపడకండి, నేను దేవుడి స్థానంలో ఉన్నానా అని అడిగి, మిమ్మల్నీ మీ పిల్లల్నీ నేనే పోషిస్తానని చెప్పాడు.